నాగమ్మకి కుడిపక్క కుర్చీ

మాది నరసరావుపేట. చిన్నప్పుడు పల్నాటి కథ ఎవరు చెప్పినా, కోడిపందెం దగ్గరికొచ్చేసరికి ఒకటే మాట: "నాగమ్మ మోసం చేసింది." నేనూ అదే నమ్మాను. ఆ నమ్మకాన్ని కదిపింది చరిత్ర పుస్తకం కాదు, పోకర్.

డబ్బుల్లేకుండా, ఉత్త చిప్స్‌తో ఫ్రెండ్స్ ఆడుకునే టోర్నమెంట్లలో ఒక సంగతి అర్థమైంది. పోకర్‌లో వంతు ఎడమవైపుకి తిరుగుతుంది. మన ఎడమపక్కన ఉన్నవాడు దాదాపు ప్రతిసారీ మన తర్వాత ఆడతాడు. మనమేం చేశామో చూసి, అప్పుడు తేల్చుకుంటాడు. వాడు గట్టి ఆటగాడైతే మన పని అయిపోయినట్టే. డబ్బులాటలో అయితే కుర్చీ మార్చమని అడగొచ్చు, లేచి ఇంటికి పోవచ్చు. టోర్నమెంట్‌లో ఆ వీలు లేదు. కూర్చోబెట్టిన చోటే కూర్చోవాలి. ఊరికే కూర్చున్నా బ్లైండ్స్ పెరుగుతూ మన చిప్స్‌ని తినేస్తుంటాయి. పోయిన చిప్స్ మళ్ళీ కొనుక్కోలేం.

ఇప్పుడు 12వ శతాబ్దం చివరి పాదానికి వెళ్దాం. అనుగురాజు కొడుకుల మధ్య రాజ్యం చీలింది. గురజాలలో నలగామరాజు, ఆయన వెనక నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయన వెనక బ్రహ్మనాయుడు. అన్నదమ్ముల రాజ్యాలు, పక్కపక్కనే సరిహద్దులు. కుర్చీ మార్చుకోవడం కుదరని టేబుల్ ఇది. బ్రహ్మనాయుడికి ఎడమపక్కన నాగమ్మ కూర్చుంది.

ఆ తర్వాత కోడిపందెం. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలి. బ్రహ్మనాయుడి పుంజు ఓడింది. మంత్రమో మాయో జరిగిందని కథ చెప్పేవాళ్ళు అంటారు. జరిగే ఉండొచ్చు. కానీ ఆ వాదనలో పడి అసలు ప్రశ్న మర్చిపోతున్నాం: ఆ పందేనికి ఒప్పుకున్నదెవరు?

పోకర్‌లో ముక్కలు బాగాలేకపోతే ఫోల్డ్ చేయొచ్చు. పెట్టింది పోతుంది, మిగతాది మిగులుతుంది. కోడిపందెంలో ఫోల్డ్ లేదు. పుంజుని బరిలోకి వదిలాక యజమాని చేతిలో ఏమీ ఉండదు. నిర్ణయమనేది ఏదైనా ఉంటే అది బరి గీయకముందే. 1968లో సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ నడిచిన కేసులో, 13 ముక్కల రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడేదేనని చెప్పింది. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి రమ్మీ, పోకర్ ఆడటాన్ని నిషేధించింది. నైపుణ్యమా, అదృష్టమా అని మనం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. బ్రహ్మనాయుడి విషయంలో నైపుణ్యం చూపించాల్సిన చోటు ఒక్కటే ఉంది: "వద్దు" అనడం. చెడ్డ సీట్లో ఉన్నవాడికి పాత పాఠం కూడా ఇదే. తక్కువ చేతులు ఆడు, పందెం చిన్నగా ఉంచు, అవతలివాళ్ళు ఎంచిన చోట మొత్తం పెట్టకు. ఆయన రాజ్యం మొత్తం పెట్టాడు.

ఏడేళ్ళ తర్వాత చూడండి. గడువు తీరింది. అయినా మొదట కదలాల్సింది మాచర్లవాళ్ళే. భూమి గురజాల చేతిలో ఉంది. ఊరికే కూర్చుంటే వాళ్ళకి ఖర్చు లేదు. వీళ్ళకి రోజూ నష్టమే. రాజ్యం తిరిగి ఇమ్మని అలరాజుని రాయబారం పంపారు. అతను నలగామరాజుకి స్వయానా అల్లుడు. విషం పెట్టి చంపించారు. మొదట మాట్లాడినవాడు తన చేయి చూపించుకున్నాడు, అవతలివాళ్ళు చూసి తేల్చుకున్నారు. తర్వాత కారెంపూడిలో పెద్దలు సంధివైపు మొగ్గుతుంటే, బాలచంద్రుడు యుద్ధమే అన్నాడు. చిప్స్ అడుగంటినవాడి ఆల్-ఇన్ అది. దాన్ని మనం వీరత్వం అంటాం. వీరత్వమే, కాదనను. కానీ మిగతా దారులన్నీ మూసుకుపోయాక వచ్చిన వీరత్వం.

మరి "మోసం" అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? శ్రీనాథుడిదని చెప్పే ద్విపద యుద్ధం తర్వాత రెండు వందల ఏళ్ళకి పైనే గడిచాక వచ్చింది. కారెంపూడి వీరుల గుడిలో పూజలందుకునేదీ, కథలో మన గుండె కొట్టుకునేదీ బ్రహ్మనాయుడి వైపువాళ్ళ కోసమే. పోకర్‌లో ఓడిన చేతి గురించి ఎవరిని అడిగినా ఇలాగే చెప్తారు: నేను కరెక్ట్‌గానే ఆడాను, వాడికి ముక్క పడింది. నేనూ చాలాసార్లు అలాగే చెప్పుకున్నాను. పైగా ఇక్కడ గెలిచింది ఒక ఆడది. తెలివి అనాల్సినచోట కుట్ర అనడం మనకి ఎంత తేలికో!

నాగమ్మని కడిగి ముత్యంలా చూపించాలని కాదు. అలరాజు చావుకి ఏ టేబుల్ లెక్కా సమాధానం చెప్పదు. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే, తర్వాత కూర్చుని ఒక ప్రశ్న వేసుకుంటాం: తప్పెవరిది అని కాదు, ఆ నిమిషంలో మన ముందు ఏ దారులున్నాయి అని. బ్రహ్మనాయుడికి పందేనికి ముందు దారులున్నాయి. చాపకూడులో అన్ని కులాలనీ ఒక్కచోట కూర్చోబెట్టినవాడని మనం చెప్పుకునే మనిషి, ఆ పంక్తిలో కూర్చున్నవాళ్ళందరి ఇళ్ళూ ఒక పుంజు కాలికి కట్టాడు.

పోకర్‌లో ఎవడి చిప్స్ వాడివే. ఇక్కడ ఆడింది ఒకడు, ఊరు వదిలింది మాచర్ల. కార్తీకంలో నాగులేరు ఒడ్డున వీరుల ఉత్సవం జరిగినప్పుడు మనం తలుచుకునేది కత్తి పట్టి చచ్చిపోయినవాళ్ళని. పందెం కాసేముందు ఎవరూ అడగనివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళకి టేబుల్ దగ్గర అసలు కుర్చీయే లేదు.