మట్టికుండతో మురుగు శుద్ధి: ఖరగ్‌పూర్ ప్రయోగం ఏం చెబుతోంది?

ఖరగ్‌పూర్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది రైల్వే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉద్యోగాల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఇప్పటికీ పెద్ద సంఖ్యలోనే ఉన్నాయి. ఆ పట్టణంలోనే, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ ఉంది. అక్కడి సివిల్ ఇంజినీరింగ్ విభాగంలో ఎం.ఎం. ఘంగ్రేకర్ బృందం చాలాకాలం చేసిన ఒక పని పల్లెల మురుగు నీటికి దగ్గరి సంబంధం ఉన్నది.

నగరాల్లోని శుద్ధి కేంద్రాలు మురుగులోకి గాలి ఊదుతాయి. ఆ ఆక్సిజన్‌తో సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. కేంద్రం వాడే కరెంటులో దాదాపు సగం ఈ గాలి ఊదడానికే పోతుంది. నగరపాలక సంస్థలకే భారమైన ఈ బిల్లు చిన్న పంచాయతీ కట్టగలిగేది కాదు. ఎవరైనా డబ్బిచ్చి ప్లాంటు కట్టించినా, మోటార్లు ఆగిన రోజున మురుగు మళ్లీ చెరువు దారే పడుతుంది.

ఉప్పుడు బియ్యం మిల్లులున్న ఊళ్లలో ఇది ఇంకా తీవ్రం. బెంగాల్‌లో ఈ బియ్యమే ఎక్కువగా తింటారు. గోదావరి జిల్లాల్లో, తెలంగాణలో కూడా ఇలాంటి మిల్లులు తక్కువేమీ కాదు. ధాన్యం నానబెట్టి వదిలేసే నీరు పసుపు రంగులో, పులిసిన వాసనతో ఉంటుంది. అందులో పిండి పదార్థంతో పాటు లిగ్నిన్, ఫినాల్ కూడా ఉంటాయి. అది చెరువులో కలిస్తే నీటిలోని ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోతాయి.

ఈ నీటి మీదే ఖరగ్‌పూర్ బృందం 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. సూక్ష్మజీవ ఇంధన ఘటంలో కొన్ని రకాల బాక్టీరియా గాలి లేని గదిలో మలినాన్ని విడగొట్టి ఎలక్ట్రాన్లను ఎలక్ట్రోడ్‌కు అందిస్తాయి. అవి తీగ గుండా రెండో ఎలక్ట్రోడ్‌కు చేరి కరెంటుగా మారతాయి. రెండు గదుల మధ్య ప్రోటాన్లను మాత్రమే పోనిచ్చే పొర కావాలి. ప్రయోగశాలల్లో ఇందుకు వాడే కృత్రిమ పొరలు చాలా ఖరీదు. ఈ బృందం వాటికి బదులు మట్టికుండ గోడనే పొరగా వాడింది.

ఫలితం కుండకే అనుకూలంగా వచ్చింది. పీహెచ్ 8 దగ్గర కుండ ఘటం సీఓడీని, అంటే మలినం కోరే ఆక్సిజన్ పరిమాణాన్ని, 96.5 శాతం తగ్గించింది. కృత్రిమ పొర ఘటం 92.6 శాతం. లీటరుకు 2,000 మిల్లీగ్రాముల సీఓడీ ఉన్న నీటిలో 96.5 శాతం పోతే మిగిలేది 70. జలవనరుల్లోకి వదిలే నీటికి మన సాధారణ పరిమితి 250. కరెంటు కూడా ఘన మీటరుకు 2.3 వాట్లు వచ్చింది. రెండో దాంట్లో 0.53 మాత్రమే.

‘మురుగు నుంచి విద్యుత్తు’ అనే శీర్షికలు పుట్టేది ఇక్కడే. కానీ ఆ లెక్కన ఒక 9 వాట్ల ఎల్ఈడీ బల్బు వెలగాలంటే దాదాపు నాలుగు వేల లీటర్ల ఘటం కావాలి. పైగా పరిమాణం పెంచేకొద్దీ లీటరుకు వచ్చే కరెంటు సాధారణంగా తగ్గుతుంది. క్యాంపస్‌లో తర్వాత కట్టిన బయోఎలక్ట్రిక్ టాయిలెట్ తన దీపాలు తాను వెలిగించుకోవడం ముచ్చటైన సంగతే, అయితే పంచాయతీకి ఉపయోగపడే విషయం అది కాదు. గాలి ఊదకుండానే శుద్ధి జరగడం, ఖరీదైన పొర స్థానంలో కుమ్మరి చేయగల వస్తువు సరిపోవడం అసలు లాభాలు.

చిక్కులూ ఉన్నాయి. మట్టి గోడ రంధ్రాలు కాలక్రమంలో పూడుకుపోతాయి, క్యాథోడ్ మీద పాకుడు పేరుకుంటుంది. వీటిని శుభ్రం చేసే మనిషి ఊళ్లోనే ఉండాలి. బయటికొచ్చే నీటిలో నత్రజని, ఫాస్ఫరస్ మిగులుతాయి. మరుగుదొడ్డి నీరైతే రోగక్రిములూ మిగులుతాయి కాబట్టి దాన్ని నేరుగా ఆకుకూరల మడికి పెట్టకూడదు. ముందు రెల్లు పెంచిన గులకరాళ్ల మడి గుండా పంపి, ఆపై క్లోరిన్ కలపాలి.