గొడ్రాలు అనే మాటకు పుంలింగమేది?



ఉద్యోగ విరమణానంతరం కొండాపూరులో మా అబ్బాయి ఇంట ఉంటున్నాను. ఉదయం పూట బొటానికల్ గార్డెన్లో నడవడం అలవాటు. అక్కడ ఒకనాడు నా పూర్వ విద్యార్థి ఎదురుపడి, ఆ సాయంత్రమే ఇంటికి వచ్చాడు. మాదాపూరులో సాఫ్టువేరు కొలువు, పెళ్ళయి ఆరేళ్ళు. సంచిలోంచి ఒక లేహ్యం డబ్బా తీసి బల్లమీద పెట్టి, "మాస్టారూ, దీనిమీద సంస్కృత శ్లోకం ఉంది, అర్థం చెబుతారా? ఇది తింటే పిల్లలు పుడతారంటున్నారు" అన్నాడు.

డబ్బామీద ఉన్నవి మనమెరిగిన మూలికలే. అశ్వగంధ అంటే పెన్నేరుగడ్డ, ఆత్మగుప్త అంటే దూలగొండి, శతావరి అంటే పిల్లిపీచర, గోక్షురం అంటే పల్లేరు. శ్లోకానికి అర్థం చెప్పి, "డాక్టరు ఏమన్నారు నాయనా?" అని అడిగాను. రెండేళ్ళుగా వాళ్ళావిడకు పరీక్షలు, సూదులు జరుగుతూనే ఉన్నాయట. "మరి నీకో?" అన్నాను. తల వంచుకొన్నాడు. "మగపిల్లవాడికి పరీక్షలేమిటని అమ్మ అంది, మాస్టారూ."

నాకు మా పెద్దమ్మ గుర్తుకు వచ్చింది. ఆమెకు పిల్లలు లేరు. ఊరంతా గొడ్రాలంది. సీమంతాలకు పిలిచేవారు కాదు. మా పెదనాన్న మళ్ళీ పెళ్ళి చేసుకొన్నాడు. రెండో ఆమెకూ పిల్లలు కలుగలేదు. అప్పుడు ఇంట్లో ఇద్దరు గొడ్రాళ్ళయ్యారు. పెదనాన్న మాత్రం చివరిదాకా పెద్దమనిషిగానే ఉన్నాడు. అతణ్ణి అనడానికి ఊరివారికి ఒక మాటంటూ లేదు. పేడి, నపుంసకుడు అనే మాటల అర్థం వేరు. అనపత్యుడన్నది పండితుల మాట, అందులో నింద లేదు. గొడ్రాలికి జనం నోట నలిగిన పుంలింగం నాకు తెలిసినంతలో కనబడదు.

ఇది శాస్త్రం నేర్పిన పక్షపాతమా అని పాత పుస్తకాలు తిరగేశాను. కాదు. ఆయుర్వేదపు అష్టాంగాలలో చివరిదైన వాజీకరణ తంత్రం పురుషుని కోసం పుట్టిన శాఖ. వాజి అంటే గుఱ్ఱం. చరక సంహిత చికిత్సాస్థానంలో రెండవ అధ్యాయమంతా అదే. సంతానం లేని పురుషుణ్ణి చరకుడు నీడా పండూ లేని చెట్టుతో పోలుస్తాడు. సుశ్రుతుడు మరింత స్పష్టంగా ఉంటాడు. శరీరస్థానం రెండవ అధ్యాయానికి శుక్రశోణితశుద్ధి అని పేరు. అందులో ముందుగా లెక్కించినవి పురుషుని శుక్రదోషాలు, అవి ఎనిమిది. స్త్రీ ఆర్తవదోషాలు ఆ తరువాతనే వస్తాయి. శుక్రదోషాలలో కొన్ని సాధ్యాలని, కొన్ని కష్టసాధ్యాలని, మలమూత్రగంధం గలది అసాధ్యమని కూడా చెప్పాడు. అంటే లోపం మగవానిలో ఉండవచ్చునని, ఒక్కొక్కప్పుడు దానికి మందు ఉండదని ఒప్పుకొన్న శాస్త్రమది.

చికిత్సాస్థానం ముప్పయ్యవ అధ్యాయంలో చరకుడు శుక్రం చెడడానికి కారణాలు చెబుతూ చింత, శోకం, భయం, క్రోధం, మలమూత్రాది వేగాలను ఆపుకోవడం కూడా చేర్చాడు. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి ఈ చుట్టుపక్కల రాత్రి షిఫ్టులలో గడుపుతున్న పిల్లలను చూస్తున్న నాకు ఆ జాబితా పాతదిగా తోచలేదు. దానికి కొత్తగా చేరినది వేడి. 2005లో ప్రచురితమైన ఒక పరిశీలనలో న్యూయార్కు రాష్ట్రపు వైద్యులు 29 మంది యువకులను గంటసేపు ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకొని కూర్చోమని పరీక్షించారు. వృషణాల వద్ద వేడి రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగింది. వీర్యోత్పత్తికి శరీరం కంటె కాస్త చల్లదనం కావాలి.

ఒక హెచ్చరిక అవసరం. ఆయుర్వేదంలో శుక్రం ఏడవ ధాతువు, శరీరమంతటా వ్యాపించి ఉండేది. 1677లో డచ్చి దేశస్థుడు లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో చూసిన వీర్యకణం వేరు. రెంటినీ ఒకటిగా చెప్పి ఘనత చాటుకోవడం పండితునికి తగదు.

మరి మూలికల మాటేమిటి? 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు దూలగొండి గింజలనుండి ఎల్-డోపాను వేరుచేశారు. శరీరంలో అది డోపమిన్ అవుతుంది. డోపమిన్ పెరిగితే ప్రొలాక్టిన్ అనే హార్మోను తగ్గుతుంది. ప్రొలాక్టిన్ మితిమీరితే పురుషుని సంతానశక్తి కుంటుపడుతుంది. 2009లో లక్నో వైద్యులు సంతానలేమితో వచ్చిన 75 మందికి రోజుకు అయిదు గ్రాముల దూలగొండి గింజల పొడి మూడు నెలలు ఇచ్చి, వీర్యకణాల సంఖ్య, చలనం మెరుగుపడ్డాయని ప్రకటించారు. వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది గనుక మూడు నెలల గడువు సబబే. అయితే ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చిన జట్టు అందులో లేదు. కనుక ఆశ ఉందనవచ్చును, రుజువైందనరాదు.

డబ్బాలో నిజంగా ఏముందన్నది ఇంకొక ప్రశ్న. 2004లో ప్రచురితమైన ఒక పరిశీలనలో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందులలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది. అసలు చరకుడే దేహశోధన చేయకుండా వాజీకరణం ఇవ్వరాదన్నాడు. మాసిన బట్టకు రంగు పట్టదన్నది ఆయన చెప్పిన ఉపమానం. ముందు పరీక్ష, తరువాత శోధన, ఆపైన ఔషధం. డబ్బా కొనేవాడు మొదటి రెంటినీ దాటేస్తున్నాడు.

సుశ్రుతుడు చెప్పిన అసాధ్యానికి దీటైనది మన హైదరాబాదులోనే కనబడింది. హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు వీర్యకణాలు బొత్తిగా లేని 340 మందిని పరిశీలించి, 29 మందిలో వై క్రోమోజోములో ముక్కలు లోపించాయని 2003లో ప్రకటించారు. ఆ లోపాన్ని ఏ లేహ్యమూ పూడ్చలేదు. పరీక్ష లేకుండా తాను ఆ కోవలోనివాడో కాదో ఎవనికి తెలుస్తుంది?

చట్టం కూడా భాష దారినే నడిచింది. అద్భుత చికిత్సల ప్రకటనలను నిషేధిస్తూ 1954లో చేసిన కేంద్ర చట్టపు పట్టికలో నపుంసకత్వం ఉంది, స్త్రీల వంధ్యత్వం ఉంది. పురుషుల వంధ్యత్వం మాత్రం విడిగా లేదు. శాస్త్రకారుడు మొదట లెక్కించినదానిని శాసనకర్త మరచాడు.

ఇదంతా మా శిష్యునికి చెప్పాను. "ఉత్తమమైన వాజీకరణం మనసుకు నచ్చిన భార్యే అన్నాడు నాయనా చరకుడు. ఆ అమ్మాయి రెండేళ్ళుగా ఒక్కతే సూదులు పొడిపించుకొంటూ ఉంటే, నువ్వు ఈ డబ్బా దాచుకొని తింటావా?" అన్నాను. కొంచెం కటువుగానే అన్నానేమో. డబ్బా బల్లమీదే వదలి వెళ్ళాడు. పదిరోజుల తరువాత ఫోను చేసి, పరీక్ష చేయించుకొన్నానని చెప్పాడు. ఫలితం అతడు చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు ఇద్దరూ కలిసే డాక్టరు దగ్గరకు వెళుతున్నారట.

మా పెద్దమ్మ ఇప్పుడు లేదు. గొడ్రాలికి పుంలింగం కల్పించాలన్న కోరిక నాకు లేదు, ఆ స్త్రీలింగాన్నే వాడుకనుండి తప్పిస్తే చాలు. మీ ప్రాంతాలలో పిల్లలు లేని మగవానిని గూర్చి ఏదైనా మాట వినిపించేదా? ఎరిగినవారు తెలియజేయగలరు.