చేతి కొలతలతో ఎత్తు అంచనా

విమాన ప్రమాదాల్లో, బాంబు పేలుళ్లలో ఒక్కోసారి దర్యాప్తు అధికారులకు దొరికేది మణికట్టు దాకా తెగిన చెయ్యి మాత్రమే. దాన్నిబట్టి ఆ మనిషి ఎత్తును లెక్కగట్టే ఫోరెన్సిక్ పద్ధతి ఇది. చేతిని బల్లమీద వెల్లకిలా చాచి, మణికట్టుకు అటూ ఇటూ ఉన్న ఎముక మొనలను కలిపే గీత మధ్య నుంచి నడివేలి కొస వరకు కాలిపర్‌తో కొలుస్తారు. పెరిగిన గోరు లెక్కలోకి రాదు. పెద్దవాళ్లలో ఈ పొడవు ఎత్తులో సుమారు తొమ్మిదో వంతు. ఆ మోటు లెక్కతో నిపుణులు సరిపెట్టుకోరు. 1899లో గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ పొడవాటి ఎముకలకు రూపొందించిన రిగ్రెషన్ (ఒక కొలతనుబట్టి మరో కొలతను అంచనా వేసే) సూత్రాల తరహాలో, స్త్రీపురుషులకూ, ఒక్కో జనసమూహానికీ వేర్వేరు సూత్రాలు వాడతారు. వెడల్పు కంటే పొడవే నమ్మదగిన ఆధారం. అయినా కొన్ని సెంటీమీటర్ల తేడా తప్పదు. తొడ ఎముక దొరికితే దానికే మొగ్గు. గుర్తింపును ఖాయం చేసేవి వేలిముద్రలు, డీఎన్ఏ. ఎత్తు అంచనా పనికొచ్చేది తప్పిపోయినవారి జాబితాను కుదించడానికే.