ఏ యేలుబడి? ఎన్నవ యేడు?



మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండ శాసనములను గూర్చి మీరు వినియే యుందురు. 1926వ సంవత్సరమున ఆ లోయలోని శిథిలములు పండితుల కంటబడినవి. అచ్చటి మహాచైత్యపు ఆయక స్తంభములమీద దాతల పేళ్లతోబాటు ఇక్ష్వాకు ప్రభువగు వీరపురుషదత్తుని పేరును, అది యాతని యేలుబడిలో ఆరవ సంవత్సరమనియు చెక్కబడియున్నవి. రాజు పేరొక్కటియే యున్నచో చరిత్రకారునకు చాలదు. ఏ రాజు, ఆతని యేలుబడిలో ఎన్నవ యేడు, అను రెండును తెలిసినగాని యా దానమునకు కాలము కుదురదు. నేడు మన యూళ్లలోనికి వచ్చిన కంప్యూటరు గూడ తన కడుపులో ఇట్టి శాసనమునే దాచుకొనియున్నది. దానిని చదువువారు మాత్రము అరుదు. ఆ చదువును గూర్చియే నా నేటి ప్రసంగము.

కంప్యూటరులో మనకు కనబడు తెరయు, మీటలును, పెట్టెయు దేహము వంటివి. వానిచేత పనిచేయించు ఆజ్ఞల సముదాయమును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. పూర్వము గ్రామమున కరణము చేతిమీదుగా గాని యే భూమి లెక్కయు నడువనట్లే, దాని యనుమతి లేక ఆ యంత్రమున నొక యక్షరమైనను తెరమీదికి రాదు. అట్టి సిస్టములలో మన కార్యాలయములందును దుకాణములందును విరివిగా నెలకొన్నది విండోస్. అది యొక్కటి కాదు. ఒకదాని వెనుక నొకటిగా వచ్చిన అనేక ముద్రణముల వరుస. పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో నొకమారును, 1938లో మరియొకమారును ప్రకటించిరి. ఆ గ్రంథమునుండి యెవడైన నొక మాట చెప్పినచో, “ఏ ముద్రణము?” అని మనము అడుగుదుము గదా! యంత్రము విషయమునను అడుగవలసినది అదియే.

ఈ ప్రశ్న విలువ నాకు 2003వ సంవత్సరమున తెలిసివచ్చినది. మా పెద్దలు చెప్పగా సేకరించిన గ్రామ వృత్తాంతములను నరసరావుపేటలో నొక మిత్రుని యంత్రముమీద తెలుగున టైపు చేయించి, గురజాలకు గొనిపోయితిని. అచ్చట నొక దుకాణమున ఆ ప్రతిని తెరువగా, తెలుగక్షరమునకు మారుగా పుటనిండ చిన్న చిన్న డబ్బాలు కనబడినవి. “ప్రతి చెడిపోయినదండి, తుడిచివేయుదునా?” అని యా కుర్రవాడు అడిగెను. నేనును సరే యనబోయితిని. వృత్తాంతము చెప్పిన పెద్దలలో ఇరువురు అప్పటికే కాలధర్మము నొందిరి. మరల చెప్పించుకొనుటకు వీలులేదు. ఇంతలో ప్రక్కనున్న యొక యుపాధ్యాయుడు, “ఆగండి. ఇది యే విండోస్? టైపు చేసినది యే విండోస్?” అని యడిగి, విచారించి, వ్రాసినది ఎక్స్‌పీ యనియు, చదువుచున్నది 2000 అనియు తేల్చెను. ప్రతి చెడలేదు, చదువు యంత్రమునకు తెలుగు రాదు, అంతియే.

దీని వెనుక నొక చరిత్ర కలదు. ప్రపంచ భాషల యక్షరముల కన్నిటికిని సంఖ్యలు నిర్ణయించిన యూనికోడ్ తొలి ముద్రణము 1991లో వెలువడినప్పుడే అందు తెలుగునకును చోటు దొరకినది. కాని యా సంఖ్యలను అక్షరములుగా కూర్చి చూపు నేర్పు యంత్రమునకు వెంటనే రాలేదు. విండోస్ 2000లో దేవనాగరికిని అరవమునకును ఆ నేర్పు వచ్చినది. మన తెలుగు 2001లో వచ్చిన ఎక్స్‌పీ వఱకు వేచియుండవలసివచ్చినది. గౌతమి యను తెలుగు అక్షరరూపము దానితోనే వచ్చినది. అందును ఆ యమరికను ప్రత్యేకముగా తెరచుకొనవలసియుండెను.

ముద్రణమెరుగమివలన అంతకంటె పెద్ద హానియు కలిగినది. 2017వ సంవత్సరము మే 12వ తేదీన వన్నాక్రై అను దుష్టక్రమణిక నూటయేబది దేశములలోని యంత్రములలో జొరబడి, లోని పత్రములకు తాళములు వేసి, విడుదలకు సొమ్ము కోరినది. మన రాష్ట్రములోని కొన్ని పోలీసు కంప్యూటర్లును దానికి చిక్కినవి. ఆ కన్నమును పూడ్చు మరమ్మతును మైక్రోసాఫ్ట్ సంస్థ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14వ తేదీననే, ఇచ్చియుండెను. మిక్కిలి పాతదగు ఎక్స్‌పీయే యిందుకు మూలమని పలువురు తలచిరి. కాని చిక్కినవానిలో అత్యధికభాగము విండోస్ 7 యంత్రములు. వేసికొనదగిన మరమ్మతును వేసికొననివి. కావున రాజు పేరు తెలిసిన చాలదు, ఎన్నవ యేడో గూడ తెలియవలెను.

ఇక చదువు విధానము వినుడు. మీటల పలకమీద కిటికీ గుర్తుగల మీటను ఆర్ అను నక్షరపు మీటతో కలిపి నొక్కవలెను. తెరచుకొన్న గడిలో విన్‌వర్ అను మాటను ఇంగ్లీషు లిపిలో ఆరక్షరములుగా వ్రాసి, ఎంటర్ నొక్కవలెను. అంతట నొక చిన్న ఫలకముపై ముద్రణము పేరును, దాని బిల్డ్ సంఖ్యయు కనబడును. పేరు రాజు, బిల్డ్ సంఖ్య ఏలుబడి యేడు. పేరునకును లోపలి సంఖ్యకును పొత్తు కుదురకపోవచ్చును. విండోస్ 7 తన్ను 6.1 అని చెప్పుకొనును. విండోస్ 11 గూడ లోపలి లెక్కలో 10.0 గానే యున్నది. బిల్డ్ సంఖ్య 22000 గాని, అంతకు మించి గాని యున్నచో అది 11 అని గ్రహింపవలెను. చేతి ఫోనులోనైనచో సెట్టింగులలో ఫోనును గూర్చి చెప్పు భాగమున ఈ వివరము దొరకును.

పెట్టెమీద నంటించిన చీటీని మాత్రము నమ్మరాదు. శిథిలాలయపు శాసనశిలను తెచ్చి క్రొత్త గోడలో కట్టినచో, ఆ వ్రాత శిలకు కాలము చెప్పునుగాని గోడకు చెప్పదు. చీటీయు అట్టిదే, అమ్మిననాటి మాట చెప్పునుగాని నేటి మాట చెప్పదు.

ప్రతి యేలుబడికిని అంతము కలదు. ఎక్స్‌పీకి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తోను, విండోస్ 7కు 2020 జనవరి 14తోను సామాన్యముగా నిలిచిపోయినవి. విండోస్ 10కి ఆ గడువు 2025 అక్టోబరు 14. గడువు తీరినంతమాత్రమున యంత్రము ఆగదు. కావలివాడు లేని కళ్లమువలె నుండును.

నా వృత్తాంతముల ప్రతిని ఆనాడు తుడిచివేయలేదు. నరసరావుపేటకు తిరిగి తెచ్చి, కాగితముమీద అచ్చొత్తించి దాచితిని. ఆ మాటలు చెప్పిన పెద్దలు నేడు లేరు, వారి మాటలున్నవి. ఒక యుపాధ్యాయుడు వేసిన చిన్న ప్రశ్న వానిని కాపాడినది. మీ గ్రామపు పత్రమేదైనను తెరమీద చెడినట్లు కనబడినప్పుడు, తుడిచివేయుటకు ముందు మీరును ఆ ప్రశ్ననే వేయుడు: ఏ యేలుబడి? ఎన్నవ యేడు?