జీతపు రాళ్ళు, గాజు పలకలు

గండికోట లోయ అంచున తెల్లవారుజామున నిలబడితే ఈ మధ్య సూర్యుని కంటె ముందు కెమెరాలు కనబడుతున్నాయి. పెన్న ఎర్రమల కొండలను కోసుకొని పారేచోట, దాదాపు 300 అడుగుల లోతున్న గండి పైన, అరలు అరలుగా పేర్చినట్టున్న ఎర్రబండల మీద మూడుకాళ్ళ స్టాండ్లు నిలిపి, చలికి చేతులు చంకల్లో పెట్టుకొని పిల్లలు వేచి ఉంటారు. బెంగుళూరు నుంచి శుక్రవారం రాత్రి బయలుదేరి వచ్చేవారే ఎక్కువ. నాకు పదవీ విరమణ తరువాత నిద్ర తక్కువైంది కనుక, జమ్మలమడుగు నుంచి అప్పుడప్పుడు నేనూ వెళ్ళి ఒక బండ మీద కూర్చుంటాను.

గడచిన సంక్రాంతి సెలవుల్లో అట్లా కూర్చున్నప్పుడు నా పాత విద్యార్థి ఒకడు పలకరించినాడు. తొమ్మిదో తరగతిలో సంధులు బాగా విడదీసేవాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ సాయంత్రమే వాని తండ్రి మా ఇంటికి వచ్చినాడు. వచ్చిన మనిషి కుర్చీలో కూర్చోలేదు.

"సార్, మీరన్నా చెప్పండి. నెల జీతం ఇడ్సిపెట్టి ఫోటోలు తీసుకుంటా బతుకుతానంటాండాడు. ఇంకా పెండ్లి గూడా కాలేదు. ఎవురు సార్ పిల్లనిచ్చేది?"

మరునాడు కుర్రవాణ్ణి పిలిపించినాను. వాడు వాదించలేదు. "మన దేశంలో సరదాగా మొదలుపెట్టి, దానితోనే అన్నం తిన్నవాళ్ళు ఎవరూ లేరా సార్?" అని మాత్రం అడిగినాడు. లేకేమి? హైదరాబాదు చరిత్ర తెలిసినవారికి వెంటనే స్ఫురించే పేరు ఒకటుంది. వానికి ఆ రోజు నోటితో చెప్పిన కథను ఇక్కడ కొంత వివరంగా వ్రాస్తున్నాను.

లాలా దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టినారు. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరులో ప్రజాపనుల శాఖలో చేరినారు. నక్షాలు గీయడం, కట్టడాలకు ఖర్చు అంచనాలు వేయడం ఆయన పని. ఉద్యోగంలో కుదురుకున్న ఎనిమిదేళ్ళకు, 1874 ప్రాంతంలో, కెమెరా పట్టినారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు. బాల్యం నుంచీ ఇదే తపన అనే కథ ఆయన విషయంలో అల్లడానికి వీలులేదు.

ఆనాటి ఛాయాగ్రహణం ఎంత శ్రమతో కూడినదో నేటి పిల్లలకు చెప్పినా నమ్మరు. గాజు పలకను శుభ్రం చేసి, కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పోసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీయాలి. తీసిన వెంటనే పక్కనే వేసుకున్న చీకటి గుడారంలోకి పరుగెత్తి రసాయనాలతో కడగాలి. పలక ఆరిపోతే ఆ శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరే. మన గండికోట ఎండలో ఆ పని చేయడాన్ని ఒక్కసారి ఊహించుకోండి. ఇన్ని పలకలు పాడుచేసుకుంటూ నేర్చుకోవడానికి డబ్బు కావాలి. దీన్ దయాళ్ గారికి ఆ డబ్బు ప్రజాపనుల శాఖ జీతం నుంచి వచ్చింది. నేను ఈ వ్యాసంలో పట్టుకు కూర్చున్న విషయం ఇదే.

ఆయనకు అండ కూడా దొరికింది. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ప్రోత్సహించినారు. మధ్య భారతంలో గవర్నరు జనరలుకు ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ పరిచయం దొరికింది. 1875-76లో వేల్సు యువరాజు పర్యటన వచ్చినప్పుడు చిత్రాలు తీసే అవకాశం వచ్చింది. తరువాత డేలీ స్థానంలోకి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ ఆయనను వెంటబెట్టుకొని బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిప్పినాడు. గ్వాలియరు, ఖజురాహో, సాంచి మొదలైన చోట్ల ఆయన తీసిన చిత్రాలతోనే గ్రిఫిన్ మధ్య భారత కట్టడాల మీద గ్రంథం ప్రకటించినాడు. అది 1886లో లండనులో వెలువడింది. గవర్నరు జనరలు డఫ్రిన్ దాకా పేరు వెళ్ళింది.

ఇంత జరిగినా దీన్ దయాళ్ ఉద్యోగం వదలలేదు! పదేళ్ళకు పైగా నక్షాలు గీస్తూనే ఉన్నారు. 1880ల నడుమ ఆయన చేసిన పని చూడండి. రాజీనామా ఇవ్వలేదు, రెండేళ్ళు ఫర్లో తీసుకున్నారు. ఫర్లో అంటే ఆనాటి సర్కారు ఉద్యోగులకు దొరికే దీర్ఘకాలపు సెలవు. ఆ సెలవులో తాను తీయదలచిన ప్రదేశాల చిత్రాల వరుసను పూర్తి చేసుకున్నారు, పని నడుస్తుందని రూఢి చేసుకున్నారు. ఆ పిమ్మట పింఛను తీసుకొని విరమించినారు. నగల వ్యాపారుల ఇంట పుట్టినవాడు కదా, గీటురాయి మీద గీయకుండా బంగారం కొనలేదు.

సికిందరాబాదులో స్టూడియో పెట్టడం, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడు కావడం ఆ తరువాతి ఘట్టం. అక్కడి నుంచి ఆయన జీవితం హైదరాబాదు చరిత్రలో భాగమైంది. ఫలక్‌నుమా, చౌమహల్లా, పులివేటలు, దర్బారులు, కవాతులు, కరవు పనుల దగ్గర గుమిగూడిన పేదజనం, అన్నీ ఆ గాజు పలకల మీదికి ఎక్కినాయి. 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితను దానికి పెట్టినారు. పురుషుడు అడుగు పెట్టలేని చోట కూడా గిరాకీ ఉందని గుర్తించడం, ఆ గిరాకీకి మర్యాద చెడని దారి వెదకడం మామూలు తెలివి కాదు. 1894లో నిజాము ఆయనకు 'రాజా ముసవ్విర్ జంగ్' బిరుదు ఇచ్చినాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1896లో బొంబాయిలో మరో స్టూడియో, 1897లో విక్టోరియా రాణి నుంచి అధికార పత్రం.

బిరుదుల జాబితా కన్న నన్ను ఆకర్షించేది ఒక చిన్న విషయం. ఆయన చిత్రాల అడుగున పేరు, వరుస సంఖ్య కనబడతాయి. నెగటివు మీదనే వ్రాసి పెట్టేవారు. చిన్న సంగతిగా తోచవచ్చు కానీ కొట్టు నిలిచింది దాని మీదనే. ఫలానా సంఖ్య గల సాంచి తోరణం కావాలని అడిగితే తీసి అచ్చు వేసి ఇస్తారు. ఒకసారి పడిన శ్రమకు పదిమార్లు ప్రతిఫలం. అంచనాలు, పట్టికలు వ్రాసిన గుమాస్తా చెయ్యి కెమెరా పట్టిన తరువాత కూడా తన అలవాటు మానలేదు. ఆయన 1905లో గతించినారు. ఆ కుటుంబం దగ్గర మిగిలిన 2,857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. సంఖ్యలు వేసి ఉంచిన పుణ్యం అక్కడ కూడా ఉపయోగపడి ఉంటుందని నా నమ్మకం.

ఇక్కడ ఒక పక్కదారి. 1800లో నిజాము కడప, బళ్ళారి ప్రాంతాలను కుంఫిణీకి దత్తం చేయకపోయి ఉంటే గండికోట కూడా ఆరవ నిజాము ఏలుబడిలోనే ఉండేదేమో! మాధవరాయని గోపురం, జుమ్మా మసీదు, ధాన్యాగారం ముసవ్విర్ జంగ్ పలకల మీదికి ఎక్కే అదృష్టం కలిగేదేమో! మనం మద్రాసు వంతుకు పోయినాము.

మద్రాసు అన్నాను కనుక అక్కడి సంగతీ చెప్పాలి. కుర్రవానికి ఒక్క దీన్ దయాళ్ కథ చెప్పి ఊరుకుంటే అది తీపి మందు అవుతుంది. మద్రాసు సైన్యంలో లినేయస్ ట్రైప్ అనే అధికారి ఉండేవాడు. ఇంగ్లండుకు సెలవు మీద వెళ్ళినప్పుడు ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు. 1854లో స్వంత ఉత్సాహంతో హళేబీడు, బేలూరు ఆలయాల చిత్రాలు తీసినాడు. 1855 మద్రాసు ప్రదర్శనలో వాటికి బహుమతి వచ్చింది. ఆ ఏడే బర్మాకు వెళ్ళిన రాయబార బృందంతో అధికారిక ఛాయాగ్రాహకుడుగా పోయి రెండు వందలకు పైగా చిత్రాలు తెచ్చినాడు. 1856లో మద్రాసు ప్రభుత్వం ఆయనను ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా నియమించింది. మధుర, తంజావూరు, శ్రీరంగం చిత్రాలు అట్లా వచ్చినవే. సరదాకు జీతం కుదిరింది, ఇంతకంటె ఏమి కావాలి? కానీ ట్రెవిలియన్ గవర్నరుగా వచ్చి, ఇది ప్రభుత్వం భరించదగ్గ ఖర్చు కాదని తేల్చినాడు. 1860 నాటికి ఆ శాఖే లేదు. ట్రైప్ తిరిగి సైనికోద్యోగంలో పడినాడు, కెమెరాను దాదాపు మరచిపోయినాడు. చిత్రకళలో ట్రైప్ తక్కువవాడు కాదు. కొందరు విమర్శకులు ఆయననే మిన్నగా ఎంచుతారు, తంజావూరు బృహదీశ్వరాలయ చిత్రాలు చూసినప్పుడు నాకూ అట్లాగే తోస్తుంది. ఆయనకు ఒక్కడే యజమాని. దీన్ దయాళ్‌కు నిజామున్నాడు, వైస్రాయి ఉన్నాడు, జనానాలోని బేగములున్నారు, సంఖ్య చెప్పి సాంచి చిత్రం కొనుక్కునే దొరలున్నారు.

కుర్రవాడు ఇంతసేపూ వింటూ, "మీకు ఇవన్నీ ఎట్లా తెలుసు సార్?" అన్నాడు. అప్పుడు చెప్పక తప్పలేదు. నలభై ఏళ్ళకు పైగా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పని మాట.

పండిత శిక్షణ చదివే రోజుల్లో నా దగ్గర ఒక అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. ఒక రీలుకు 12 ఫొటోలు. మిత్రులను, బడి గోడలను, గండికోటలోని ఆ పెద్ద గోపురాన్ని తీసేవాణ్ణి. ప్రొద్దుటూరు స్టూడియోలో కడిగించి తెచ్చుకొని పదిమందికి చూపి మురిసేవాణ్ణి. "నీకు చెయ్యి తిరిగింది" అని అందరూ అన్నారు, నేనూ నమ్మినాను. ఒక బంధువుల పెళ్ళికి డబ్బు మాట్లాడుకొని ఒప్పుకున్నాను. తెల్లవారు జాము ముహూర్తం, పందిట్లో రెండు పెట్రోమాక్స్ దీపాలు. వెలుతురు ఎంత చాలుతుందో ఎంత చాలదో నాకు లెక్క తెలియదు. రెండు రీళ్ళలో ముఖాలు పోల్చదగినవి నాలుగే వచ్చినాయి. తాళి కట్టిన ఫొటోలో పెట్రోమాక్స్ దీపం మాత్రం చక్కగా ఉంది.

డబ్బు తిరిగి ఇచ్చినాను. పెండ్లికూతురి తండ్రి ఒక్క మాట కూడా అనలేదు. ఆ అమ్మాయి మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, "ఇంకేమీ లేవా అన్నా?" అని అడిగింది. నేను నా ముచ్చటకు తీసుకున్న గోపురం చెడితే మరునాడు మళ్ళీ పోయి తీసుకుంటాను. డబ్బు పుచ్చుకొని చెడగొట్టినది ఆమె ముహూర్తం. ఆ కెమెరా అటక ఎక్కింది. నేను ఉద్యోగంలో చేరినాను. తరువాత కొన్నేళ్ళకు దీన్ దయాళ్ గురించి చదివినప్పుడు నాకు ముందుగా తగిలినది ఆ పదేళ్ళ సంగతి. ఆయన పాడుచేసిన పలకలు ఎవరి పెళ్ళివీ కావు.

మన భాషలో వృత్తి, ప్రవృత్తి అని జంటగా అంటాము. బ్రతుకుతెరువు వృత్తి, మనసు వాలేది ప్రవృత్తి. రెండింటికీ ధాతువు ఒకటే కనుక దాటడం సులభమని తరగతిలో నేనే చమత్కారంగా చెప్పేవాణ్ణి. నడుమ ఉన్న ఉపసర్గ బరువు నాకు ఆ పెళ్ళిలో తెలిసింది.

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మూడు ప్రశ్నలు వేసినాను. ఈ రెండేళ్ళలో ఎవరైనా డబ్బిచ్చి చేయించుకున్న పని ఎంత? ఒకరే ఇచ్చినారా, పలువురా? తీసినవన్నీ వరుసగా, అడిగితే అయిదు నిమిషాల్లో తీసి ఇవ్వగలిగేట్టు పెట్టుకున్నావా? మొదటి రెండింటికీ తలవంచినాడు. మూడో దానికి మాత్రం నవ్వి, తన కంప్యూటరులో తేదీలవారీగా, పేర్లతో సహా సర్ది ఉన్నాయని చూపించినాడు. గండికోటవే వందల కొద్దీ ఉన్నాయి. జుమ్మా మసీదు కొలనులో మాధవరాయ గోపురం నీడ పడిన చిత్రం ఒకటి చూసి నేను చాలాసేపు కదలలేదు. ఛాయ అనే మాటకు నీడ అనీ కాంతి అనీ రెండర్థాలూ ఉన్నాయని చదివినాను, పాఠం చెప్పినాను. చూడడం ఆ రోజే.

వాని తండ్రికి ఏమి చెప్పాలా అని ఆలోచిస్తూ రెండు రోజులు ఆ వీధికి పోలేదు. మూడో రోజు ఆయనే వచ్చినాడు. పిల్లవాడు రాజీనామా మాట మానుకొని, జీతం లేని సెలవు ఆరు నెలలకు దరఖాస్తు పెట్టినాడట.

"ఆర్నెల్ల తర్వాత ఏమి సార్?" అన్నాడు.

"ఆర్నెల్ల తర్వాత లెక్క చూద్దాం. పుస్తకం నేను రాసిపెడతా" అన్నాను.

ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. నిన్న కుర్రవాడు ప్రొద్దుటూరులో అచ్చు వేయించే రశీదు పుస్తకం నమూనా తెచ్చి, 'ఛాయాచిత్రకారుడు'లో ఒత్తులు సరిగా ఉన్నాయా అని అడిగినాడు. 'చాయ' అని వేసినారు. దిద్ది పంపినాను.