పగిలిన బ్రిడ్జి: చౌక గిటారు చరిత్రలో ఒక అధ్యాయం

అమెరికాలో చాలామంది గిటారు సాధన చౌక వాద్యంతోనే మొదలవుతుంది. కొన్నేళ్ళు గడిచాక, తరచుగా చలికాలంలో, తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి మీద పిన్నుల రంధ్రాలను కలుపుతూ ఒక సన్నని పగులు కనిపిస్తుంది. దాన్ని బాగుచేసేందుకు పనివారు అడిగే కూలి ఒక్కోసారి వాద్యం వెలనే మించిపోతుంది. అప్పుడు దాన్ని పారవేయాలా, ఇంట్లోనే అతకాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. జవాబు ఆ పగులు సరిగ్గా అక్కడే ఎందుకు వస్తుందన్న దానిపై ఆధారపడి ఉంది.

వీణలో తీగలు గుర్రం మీదుగా సాగి, దాన్ని దాటి లంగర్లకు ముడిపడతాయి. గుర్రం మీద పడేది ప్రధానంగా కిందికి నొక్కే బరువే. పిన్నుల బ్రిడ్జి ఉన్న గిటారులో అలా కాదు. పైపలకకు జిగురుతో అతికించిన చిన్న చెక్కముక్కే తీగల బిగువునంతా మోయాలి. జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ నుంచి 1833లో న్యూయార్క్ చేరి, తరువాత పెన్సిల్వేనియాలోని నాజరెత్‌లో స్థిరపడిన సి. ఎఫ్. మార్టిన్ కాలంలో గిటారు తీగలను పశువుల పేగులతో చేసేవారు. వాటి బిగువు తక్కువ కాబట్టి ఆ చిన్న చెక్కముక్క తట్టుకునేది.

20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో హవాయి సంగీతంపై మోజు, పెద్ద ధ్వని కావాలన్న కోరిక ఉక్కు తీగలకు గిరాకీ పెంచాయి. 1922లో మార్టిన్ సంస్థ 2-17 అనే నమూనాను ఉక్కు తీగలకు అనువుగా రూపొందించింది. నేడు 'లైట్' అని అమ్మే ఉక్కు తీగల సెట్టు మొత్తం బిగువు సుమారు 160 పౌండ్లు, అంటే 70 కిలోలకు పైమాటే. తీగలు మారాయి కాని, బ్రిడ్జి ప్రాథమిక నిర్మాణం పెద్దగా మారలేదు.

చౌక గిటార్ల తయారీదారులు దీనికి వేరే దారి వెతికారు. షికాగోలో 1892లో మొదలైన హార్మొనీ కంపెనీని 1916లో సియర్స్ కొన్నది. 1940 నుంచి మళ్ళీ స్వతంత్రంగా నడిచిన ఆ సంస్థ 'స్టెల్లా' పేరుతో అమ్మిన బర్చ్ చెక్క గిటార్లలో తీగలను వాద్యం అడుగు అంచున లోహపు పట్టీకి తగిలించేవారు. తెలిసో తెలియకో అది వీణ పద్ధతే. 1960లలో గిబ్సన్ కొన్ని గిటార్లకు ప్లాస్టిక్ బ్రిడ్జిలను లోపలినుంచి మరలతో బిగించింది. అవి వంకర పోవడంతో, తరువాత చాలామంది వాటిని తీసి చెక్కవి పెట్టించుకున్నారు.

పగులుకు ముఖ్య కారణాలు రెండు. బ్రిడ్జిలో చెక్క నార పొడవునా సాగుతుంది; రంధ్రాల వరుస కూడా దాదాపు అదే దిశలో ఉంటుంది. తపాలా బిళ్ళల మధ్య చిల్లుల వలె, చీలడానికి అదే సులువైన దారి. బిగుతుగా దిగగొట్టిన పిన్ను మేకులా పనిచేసి చీలికను పెంచుతుంది. రెండవది గాలిలో తేమ. చలికాలంలో హీటర్లు నడిచే ఇళ్ళలో గాలి బాగా ఎండిపోతుంది. చెక్క నారకు అడ్డంగా ఎక్కువ కుంచించుకుపోతుంది, నార వెంట దాదాపు కుంచించుకోదు. పైపలక నార, బ్రిడ్జి నార ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కనుక వాటి మధ్య ఒత్తిడి పెరుగుతుంది.

మరమ్మతు ఈ కారణాలను అనుసరించే సాగాలి. ముందుగా తీగలు వదులు చేసి తీసివేయాలి. బ్రిడ్జి వెనుక అంచు కిందికి కాగితం దూరితే, అది పైపలకనుంచే లేస్తోందని అర్థం. అప్పుడు వేడి చేసి బ్రిడ్జిని ఊడదీసి తిరిగి అతకాలి. అది అనుభవం కావలసిన పని. పగులు మాత్రమే ఉంటే, చెక్కజిగురును పలుచని బ్లేడుతో లోపలికంటా నెట్టి, బ్రిడ్జి ముందు వెనుక అంచులను క్లాంపుతో దగ్గరకు నొక్కి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. పగులు మూసుకోకపోతే చెక్కపొడిని సూపర్‌గ్లూతో కలిపి నింపడం వాడుక. ఆ జిగురుకు మూలమైన సయనోఅక్రిలేట్‌ను 1942లో ఈస్ట్‌మన్ కోడాక్ పరిశోధకుడు హ్యారీ కూవర్ బృందం తొలిసారి గమనించింది. 1958లో అది మార్కెట్టుకు వచ్చింది.

అతకడంతో పని ముగియదు. రంధ్రం ముందు అంచున తీగ పట్టేంత సన్నని గాడి కోస్తే, తీగ చివరి గుండు లోపలి పలకకు ఆనుకుంటుంది. అప్పుడు పిన్నును బలంగా దిగగొట్టనక్కరలేదు. సన్నని తీగల సెట్టు వాడటం, గదిలో తేమను 45 నుంచి 55 శాతం మధ్య ఉంచడం మిగతా జాగ్రత్తలు.

బ్రిడ్జినే మార్చవలసి వస్తే, దొరికే చెక్కలలో ఇండియన్ రోజ్‌వుడ్ ఒకటి. అది తెలుగువారికి ఇరుగుడుగా తెలిసిన దక్షిణ భారత వృక్షం. 2017లో ఆ జాతి చెట్లన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి వచ్చాయి. 2019 చివరలో తయారైన వాద్యాలకు మినహాయింపు లభించింది. అడవి నుంచి వచ్చే చెక్కకు అంత కాపలా అవసరమైన కాలంలో, ఇంటిలో ఉన్న పాత చెక్కముక్కను అతికి మరి కొన్నేళ్ళు వాడుకోవడం పిసినారితనం కాదు. తీగల బరువును ఆ ముక్క మోయగలదా లేదా అని ముందుగా చూసుకుంటే చాలు.