మన జిల్లాలో రాత నేర్పినవాళ్లు



ఆదివారం తెలుగు రచనా తరగతి గురించి మనలో రెండు మాటలు నడుస్తున్నాయి. పిల్లలకు మాత్రమే చాలని కొందరు, పెద్దలనూ కూర్చోబెట్టాలని కొందరు. తీర్మానం చేసేముందు మన జిల్లా చరిత్ర ఒకసారి తిరగేస్తే మంచిదని ఇది రాస్తున్నాం. కాస్త పొడుగైనా ఓపికగా చదవండి.

1956 నవంబరు 1 దాకా రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. గద్వాల, అలంపురం తాలూకాలు అప్పుడు మన జిల్లావే. పునర్విభజనలో అవి మహబూబ్‌నగర్ జిల్లాకు వెళ్లాయి, మనం మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. కాబట్టి ఆ రెండు తాలూకాల సాహిత్య చరిత్రలో మనకూ వాటా ఉంది.

నిజాం కాలంలో పై చదువులు చాలావరకు ఉర్దూలోనే. తెలుగు చక్కగా రాయాలంటే బడి బయట నేర్చుకోవలసిందే. తెలంగాణలో కవులు పూజ్యమని ఒకాయన రాస్తే, గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డిగారు ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. అందులో 354 మంది కవులు తేలారు! సురవరంవారిది గద్వాల ప్రాంతంలోని ఇటికాలపాడు. రాసేవాళ్లు అంతకుముందూ ఉన్నారు. ‘మీరు రాసింది పంపండి’ అని అడిగే మనిషి వచ్చాక బయటపడ్డారు, అంతే.

1943లో హైదరాబాదులో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. ప్రాథమిక, ప్రవేశ, విశారద అని తెలుగు పరీక్షలు పెట్టింది. బడి వయసు దాటినవాళ్లు కూడా ఆ పరీక్షలకు కూర్చున్నారు. 1953లో పరిషత్తు సభలు అలంపురంలో జరిగాయి. గడియారం రామకృష్ణశర్మగారు పూనుకుని నడిపించారు. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. అది మన జిల్లాలో జరిగిన సభ అని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

కన్నడం వైపు చూసినా ఇదే కథ. చీకలపర్వి విజయదాసు, ఆయన శిష్యుడు గోపాలదాసు, ఆయన శిష్యుడు మాన్వి జగన్నాథదాసు, అందరూ ఈ జిల్లావాళ్లే. జగన్నాథదాసు మొదట పేరున్న సంస్కృత పండితుడట. కన్నడంలో పాడే దాసులంటే చులకనగా ఉండేవాడనీ, తర్వాత గోపాలదాసు దగ్గర శిష్యుడిగా చేరాడనీ చెప్పుకుంటారు. పాఠం చెప్పిన మనిషే మళ్లీ పాఠానికి కూర్చున్నాడు. ‘జగన్నాథ విఠల’ అంకితంతో హరికథామృతసారం రాశాడు. ఇక వయసు అడ్డమని ఎవరనగలరు?

నేర్పే పద్ధతులూ మనకు కొత్తవి కావు. ఒక పాదం ఇచ్చి మిగతా పద్యం పూరించమనడం సమస్యాపూరణం. నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం కట్టమనడం దత్తపది. ఇప్పటి వర్క్‌షాపుల్లో ఒక వాక్యం ఇచ్చి కథ రాయించడం వాటికి మనవడి వరస.

ఇక మన సంగతి. 1871లో మద్రాసు రైలు, బొంబాయి రైలు రాయచూరులోనే కలిశాయి. ఆ పట్టాల మీద ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు కొన్ని. తుంగభద్ర కాలవ పారాక సింధనూరు, మాన్వి వైపు క్యాంపులు వేసుకున్న రైతు కుటుంబాలు మరికొన్ని. ఇంట్లో తెలుగే, బడిలో కన్నడమో ఇంగ్లీషో. మా చదువు తమిళ మీడియంలో సాగింది. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాకే కూడబలుక్కున్నాం. చార్టుల మీద, స్టేషను బోర్డుల మీద నేర్చిన రాత ఇది. అందుకే పెద్దలకు తరగతి ఎందుకని ఎవరైనా అంటే మేము ఊరుకోలేం.

మా ప్రతిపాదన ఇది. తాతమ్మల దగ్గర కథ ఉంది, చెయ్యి వణుకుతుంది. మనవళ్ల దగ్గర చెయ్యి ఉంది, తెలుగులో కథ లేదు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడదాం. మొదటి వారం పెద్దవాళ్లు క్యాంపుకు వచ్చిన మొదటి ఏడాది గురించి చెబుతారు, పిల్లలు రాస్తారు. రెండో వారం పిల్లలు చదివి వినిపిస్తారు, పెద్దలు దిద్దుతారు. అక్షరాలు రానివాళ్లు, ఏ వయసువారైనా, పక్కనే ఓనమాలు మొదలుపెడతారు. తప్పులు దిద్దేది చివర్లో.

ఆ మొదటి ఏడాది చూసినవాళ్లు మన మధ్య ఏటేటా తగ్గిపోతున్నారు. సురవరంవారు అడిగినట్టు మనమూ ఇప్పుడే అడగాలి. వచ్చే సర్వసభ్య సమావేశానికి అందరూ రండి, ఇంట్లో పెద్దవాళ్లను కూడా వెంటబెట్టుకుని రండి.